ఇంట్లో సముద్రం ఒక అమానత్

కల్వకుర్తి నుంచి బాపట్ల తీరానికి పటం మీద నేరుగా గీత గీసినా రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. మా పెద్దలలో సముద్రాన్ని జీవితంలో ఒకే ఒక్కసారి, అదీ హజ్ ప్రయాణంలో విమానం జిద్దాలో దిగుతున్నప్పుడు కిటికీలోంచి చూసినవారున్నారు. శ్రీశైలం జలాశయం నుంచి మూడు దశల్లో ఎత్తిపోసిన కృష్ణా నీరు కాలువల్లో పారడమే మా తరం కళ్లారా చూసిన గొప్ప జలదృశ్యం. అలాంటి ఊళ్లో, మా ఇంటి ముందుగదిలో సముద్రాన్ని నిలపాలన్న కోరిక మా చిన్నవాడికి కలిగింది.

హైదరాబాదులో బంధువుల పెళ్లికి వెళ్లినప్పుడు ఒక అంగడిలో వాడు ఆ గాజు తొట్టిని చూశాడు. నీలి వెలుతురులో ఊగే పగడపు జీవులు, వాటి నడుమ నారింజ రంగు ఒంటి మీద తెల్లని పట్టీలున్న క్లౌన్ చేపలు. అరగంటసేపు అక్కడి నుంచి కదలలేదు. "అబ్బా, మన ఇంట్లో కూడా పెట్టుకుందాం" అన్నాడు. నేను "ఇన్‌షాఅల్లాహ్" అన్నాను. పిల్లల కోరికను వాయిదా వేయడానికి మనలో చాలామంది ఆ పవిత్రమైన మాటను వాడుకుంటాం. నేనూ అలాగే వాడాను. వాడు మాత్రం దాన్ని వాగ్దానంగానే స్వీకరించాడు.

ఆ వాగ్దానం నిలబెట్టుకునే క్రమంలో మేము నేర్చుకున్నది, పోగొట్టుకున్నది, చివరకు వద్దనుకున్నది పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. మంచినీటి చేపల తొట్టి చాలా ఇళ్లలో ఉంటుంది. సముద్రపు తొట్టి మాత్రం పూర్తిగా వేరు. అందులో అడుగుపెట్టదలచిన కుటుంబం డబ్బు తీసే ముందే తెలుసుకోవలసిన సంగతులు అనేకం ఉన్నాయి.

మొదటి తప్పు

మొదట రెండడుగుల చిన్న తొట్టి తెచ్చాను. ఉప్పు కలిపాను, రాళ్లు పేర్చాను, మరునాడే రెండు చేపలను వదిలాను. మూడవ రోజు ఫజ్ర్ నమాజ్ తర్వాత లైటు వేసి చూస్తే ఒకటి అడుగున పక్కకు ఒరిగి ఉంది. రెండవది పైకి వచ్చి గాలి కోసం నోరు తెరుస్తోంది. మధ్యాహ్నానికి అదీ పోయింది. చిన్నవాడు ఏడవలేదు. "మనం తెచ్చుకోకుంటే బతికేవి కదా" అని మాత్రం అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

తప్పు నాదే. నీరు చూడటానికి నిర్మలంగా ఉంది కనుక అది ప్రాణులు నివసించదగిన నీరని అనుకున్నాను. దైవప్రవక్త (స) చెప్పిన పిల్లి ఉదంతం మనందరికీ తెలుసు. ఒక స్త్రీ పిల్లిని కట్టి ఉంచి, తిండి పెట్టక, తానుగా వెతుక్కుని తినేందుకు వదలక చంపినందుకు శిక్షకు గురైంది. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ పెంచుకున్న చిన్న పిట్ట ఉదంతమూ తెలుసు. ప్రవక్త (స) ఆ బాలుణ్ణి ఆప్యాయంగా పలకరిస్తూ పిట్ట యోగక్షేమాలు అడిగేవారు. దాన్ని ఆధారం చేసుకునే పండితులు ఇంట ప్రాణులను పెంచుకోవడం ధర్మసమ్మతమేనని అన్నారు. రెండు ఉదంతాలనూ కలిపి చదివితే విషయం తేటతెల్లమవుతుంది: పెంచుకోవచ్చు, కాని కట్టి ఉంచినవాడే దాని తిండికీ నీటికీ బాధ్యుడు. గాజు గోడల మధ్య ఉంచిన చేప తిండినే కాదు, ఊపిరిని కూడా తానుగా వెతుక్కోలేదు. ఆ భారమంతా మనదే.

అందుకే రెండవసారి ఆరునెలలు చదివాకనే మొదలుపెట్టాం.

పెద్ద తొట్టి ఎందుకు?

చిన్న తొట్టి చవక కాబట్టి కొత్తవారికి అదే మేలని అనిపిస్తుంది. నిజానికి ఇది తలకిందుల లెక్క. నీరు ఎంత ఎక్కువ ఉంటే వేడి, ఉప్పు, మలినాలు అంత నెమ్మదిగా మారతాయి. యాభై లీటర్ల తొట్టిలో ఒక చేప చనిపోయి గంటల తరబడి గమనించకపోతే మిగిలినవాటికి ముప్పు. నాలుగు వందల లీటర్లలో తప్పు దిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది.

మేము ఎంచుకున్నది నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న తొట్టి. అంటే 16 ఘనపుటడుగులు, సుమారు 453 లీటర్లు. అంచు వరకు నింపం, రాళ్లు కొంత చోటు ఆక్రమిస్తాయి కనుక నికరంగా 400 లీటర్ల నీరు పడుతుంది. నీరు, గాజు, రాళ్లు, ఇనుప స్టాండు అన్నీ కలిపితే బరువు ఆరు వందల కిలోలకు తగ్గదు. ఎనిమిది పదిమంది పెద్దమనుషులు ఒకే చోట ఏళ్ల తరబడి నిలబడి ఉన్నట్టు. కాబట్టి నేల మీది అంతస్తులో, గట్టి పునాది ఉన్న గోడ పక్కన పెట్టడం క్షేమం. మిద్దె మీద పెట్టదలిస్తే ఇంజినీరును అడగాలి. కిటికీ ఎండ నేరుగా పడే చోటు పనికిరాదు. నీరు వేడెక్కుతుంది, నాచు విపరీతంగా పెరుగుతుంది.

స్టాండు కింద ఇంకొక చిన్న తొట్టి ఉంటుంది. దాన్ని సంప్ అంటారు. పై తొట్టి నుంచి పొంగిన నీరు గొట్టం ద్వారా కిందికి దిగి, వడపోత పూర్తయ్యాక మోటారు ద్వారా పైకి చేరుతుంది. ప్రోటీన్ స్కిమ్మర్ అనే పరికరం కూడా అక్కడే ఉంటుంది. అది నీటిలోకి సన్నని గాలి బుడగలు పంపి, కుళ్లబోయే పదార్థాలను నురగ రూపంలో బయటికి తీస్తుంది. తీరాన అలలు నురగ కక్కడం చూసినవారికి ఆ పని సులభంగానే అర్థమవుతుంది.

నీరు, ఉప్పు

బాపట్ల నుంచి సముద్రపు నీరు తెచ్చుకోలేం. ఒడ్డున దొరికే నీటిలో మురుగు, మట్టి కలిసి ఉండవచ్చు కూడా. కాబట్టి కృత్రిమంగా తయారుచేసుకోవాలి. వంటింటి ఉప్పు దీనికి ఎంతమాత్రం పనికిరాదు. సముద్రపు నీటిలో సోడియం, క్లోరైడ్‌తోపాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేట్ వంటివి ఒక నిర్ణీత పాళ్లలో ఉంటాయి. ఆ పాళ్లలోనే కలిపిన ఉప్పును అక్వేరియం అంగళ్లలో అమ్ముతారు. లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున 400 లీటర్లకు 14 కిలోలు కావాలి.

ఉప్పు కలిపే నీరు కూడా శుద్ధంగా ఉండాలి. మన బోరు నీరు కఠినజలం. మిషన్ భగీరథ నీరు తాగడానికి మంచిదే కాని అందులో క్రిములను చంపే క్లోరిన్ ఉంటుంది. క్రిములను చంపేది చేప మొప్పలనూ దెబ్బతీస్తుంది. కాబట్టి ఆర్‌ఓ యంత్రం గుండా, ఆపైన అయాన్లను తొలగించే రెసిన్ గుండా పంపిన నీరే వాడాలి. ఇక్కడ మా అమ్మ ఒక ప్రశ్న వేసింది: "ఆ యంత్రం పారబోసే నీళ్ల సంగతేమిటి బేటా?" ఇళ్లలో వాడే ఆర్‌ఓ యంత్రం ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. 400 లీటర్ల తొట్టి నింపడానికి దాదాపు వెయ్యి లీటర్లు వృథా అన్నమాట. వుజూలో కూడా నీటిని దుబారా చేయవద్దని నేర్చుకున్న ఇళ్లు మనవి. ఆ నీటిని డ్రమ్ముల్లో పట్టి పక్షం రోజులపాటు ఇల్లు తుడవడానికి, వాకిలి కడగడానికి వాడుకున్నాం. తొందరపడకుండా రోజుకు కొంత చొప్పున నింపితే ఎవరికైనా ఇది సాధ్యమే.

నీరు సిద్ధమయ్యాక చూడవలసిన కొలతలు ఇవి. ఉష్ణోగ్రత 25, 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. సాపేక్ష సాంద్రత 1.025, పీహెచ్ 8.1 నుంచి 8.4 మధ్య ఉండాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా కావాలి. మరొక ముఖ్య విషయం: ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. కాబట్టి రోజూ తగ్గిన మేరకు మంచినీరే పోయాలి. ఉప్పునీరు పోస్తే తొట్టి రోజురోజుకూ మరింత ఉప్పగా మారి ప్రాణులను చంపుతుంది. మన ఎండాకాలంలో ఇంత తొట్టి నుంచి రోజుకు కొన్ని లీటర్లు ఆవిరి కావడం మామూలే.

కంటికి కనిపించని సేవకులు

నా మొదటి రెండు చేపలు ఎందుకు చనిపోయాయో ఇప్పుడు చెప్పగలను. చేప విసర్జించే మలినాల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. సముద్రపు నీటి క్షారగుణం వల్ల దాని తీవ్రత మంచినీటిలో కంటే ఎక్కువ. సముద్రంలో ఈ విషాన్ని హరించే పనిని సూక్ష్మజీవులు చేస్తుంటాయి. ఒక వర్గం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకొక వర్గం ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త తొట్టిలో ఈ సేవకులెవరూ ఉండరు. రాళ్ల రంధ్రాలలో, ఇసుక రేణువుల మీద వారు స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఈ కాలంలో తొట్టిలో ఒక్క చేప కూడా ఉండకూడదు. మోటార్లు నడుస్తుంటాయి, చిటికెడు మేత వేస్తుంటాం, అది కుళ్లి అమ్మోనియా అవుతుంది, సూక్ష్మజీవులు దానిపై బతుకుతాయి. వారానికి రెండుసార్లు పరీక్ష చేసి రాసుకోవాలి. అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. రెండూ సున్నాకు చేరి, నైట్రేట్ కనిపించిన నాడే తొట్టి ప్రాణులకు సిద్ధమైనట్టు.

చిన్నవాడు ఒక నోటుబుక్కులో తేదీలవారీగా అంకెలు రాశాడు. నలభై రోజులు ఖాళీ నీటిని చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి వచ్చినవారు "చేపలేవి?" అని నవ్వేవారు. సబ్ర్ గురించి నేను వాడికి చెప్పగలిగిన ఏ పాఠం కన్నా ఆ నలభై రోజులే వాడికి ఎక్కువ నేర్పాయి.

ఎండ, కరెంటు

ఏప్రిల్, మే నెలల్లో మన ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత నలభై డిగ్రీలు దాటుతుంది. తొట్టి నీరు 30 డిగ్రీలకు చేరితే ప్రాణులు ఇబ్బంది పడతాయి. వేడెక్కేకొద్దీ నీటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. పైగా ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉప్పునీరు మంచినీటి కంటే దాదాపు ఐదవ వంతు తక్కువ ఆక్సిజన్‌ను పట్టి ఉంచుతుంది. నీటి మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గించవచ్చు. నడి వేసవిలో అది చాలదు, చిల్లర్ అనే శీతలీకరణ యంత్రం తప్పదు.

కరెంటు లెక్క ముందే వేసుకోవాలి. మోటారు, అల పుట్టించే వేవ్ మేకర్లు, స్కిమ్మర్ కలిపి 75 వాట్లు అనుకుంటే, ఇరవైనాలుగు గంటలూ నడుస్తాయి కనుక రోజుకు 1.8 యూనిట్లు. 150 వాట్ల లైటు తొమ్మిది గంటలకు 1.35 యూనిట్లు. 250 వాట్ల చిల్లర్ వేసవిలో ఎనిమిది గంటలు నడిస్తే 2 యూనిట్లు. అన్నీ కలిపి రోజుకు ఐదు యూనిట్ల పైచిలుకు, నెలకు 150 యూనిట్లు దాటుతుంది. గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు పొందుతున్న కుటుంబం ఈ లెక్కను మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. ఇప్పుడు వంద యూనిట్లు వాడుతున్న ఇల్లు తొట్టి పెట్టగానే 250కి చేరి ఆ సౌకర్యాన్ని పోగొట్టుకుంటుంది.

కరెంటు పోతే ఏమిటన్నది మరో ప్రశ్న. మోటారు ఆగిన కొద్ది గంటల్లో నీటిలోని ఆక్సిజన్ తగ్గిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దానికి లైట్లు, చిల్లర్ కలపకుండా 30 వాట్ల వేవ్ మేకర్‌ను మాత్రమే కలపాలి. 150 ఏహెచ్ బ్యాటరీ మంచి స్థితిలో ఉండి, ఇంకే భారమూ లేకుంటే దాన్ని దాదాపు ఒక రోజు నడపగలదు. ఇన్వర్టర్ లేనివారు బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి తప్పక ఉంచుకోవాలి.

ఇక ఖర్చు. తొట్టి, స్టాండు, పరికరాలు, ఉప్పు కలిపి లక్ష రూపాయలు దాటడం సులభం. స్థోమత ఉన్నవారికి అందమైన వస్తువు పెట్టుకోవడం తప్పు కాదు. అప్పు చేసి పెట్టుకోవడం, పిల్లల ఫీజు ఆపి పెట్టుకోవడం, పొరుగింటివారికి చూపించుకోవడానికి పెట్టుకోవడం ఇస్రాఫ్ కిందికే వస్తాయి. మేము ఏడాదిన్నర కూడబెట్టి మొదలుపెట్టాం. ఆ వ్యవధిలో కోరిక చల్లారి ఉంటే అది మోజేనని తేలిపోయేది.

పగడం ఎవరిది?

తొట్టి సిద్ధమయ్యాక అసలు పరీక్ష ఎదురైంది. ఒక అమ్మకందారు ఫోనులో ఫొటోలు పంపాడు. ఆకుపచ్చ, ఊదా రంగుల గట్టి పగడాలు. "ఎక్కడివి?" అని అడిగాను. "సముద్రానివే, పత్రాలు ఎవరూ అడగరు" అన్నాడు. చిన్నవాడి కళ్లు మెరిశాయి. వాడు హైదరాబాదులో చూసినవి అవే.

పగడం రాయి కాదు, మొక్క కాదు. గోరంత పరిమాణంలో ఉండే వేలాది జీవుల సమూహం. ప్రతి జీవీ తన చుట్టూ సున్నపురాయి గూడు కట్టుకుంటుంది. దాని శరీరంలో సూక్ష్మమైన శైవలాలు నివసిస్తూ, వెలుతురుతో ఆహారం తయారుచేసి ఆతిథ్యమిచ్చినవారికి పంచుతాయి. తరతరాల గూళ్లు పేరుకుని పగడపు దిబ్బ ఏర్పడుతుంది. సముద్రగర్భంలో ఈ దిబ్బలు ఒక్క శాతం కన్నా తక్కువ చోటులో ఉన్నా, సముద్రజీవ జాతులలో దాదాపు నాలుగో వంతుకు అవే ఆశ్రయం. దివ్య ఖుర్ఆన్‌లోని అర్‌రహ్మాన్ సూరాలో ముత్యాలతోపాటు పగడాల ప్రస్తావన ఉండటం మనకు తెలిసిందే.

కృష్ణా, గోదావరి నదులు మోసుకొచ్చే మంచినీరు, ఒండ్రుమట్టి వల్ల మన డెల్టా తీరంలో పెద్ద పగడపు దిబ్బలు లేవు. అవి నిర్మలమైన ఉప్పునీటిని కోరుకుంటాయి. మన దేశంలో అవి ప్రధానంగా తమిళనాడు వైపు మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, గుజరాత్‌లోని కచ్ సింధుశాఖ, అండమాన్ నికోబార్ దీవులు, లక్షద్వీప్‌లలో ఉన్నాయి. లక్షద్వీప్ సంగతి మరీ ప్రత్యేకం. ఆ దీవులే పగడాలు కట్టినవి. అక్కడి జనాభాలో తొంభై ఐదు శాతానికి పైగా మన ముస్లిం సోదరులే. వారి కాళ్ల కింది నేల పగడం, అలల నుంచి వారి ఇళ్లను కాచే గోడ పగడం, వారి జాలర్లకు మత్స్యసంపదనిచ్చేది పగడం. సముద్రం వేడెక్కడం వల్ల 1998లో, 2010లో, 2016లో, మళ్లీ 2024లో అక్కడి పగడాలు తెల్లబారాయి. వేడికి తాళలేక తమలోని శైవలాలను వెళ్లగొట్టిన పగడం రంగు కోల్పోతుంది. వేడి త్వరగా తగ్గకుంటే ఆకలితో చనిపోతుంది. అలా నలిగిపోతున్న దిబ్బ నుంచి మన అలంకారం కోసం ఒక ముక్క విరవడమంటే ఒక సోదరుని ఇంటి గోడ నుంచి ఇటుక లాగడమే.

చట్టం కూడా ఇదే అంటోంది. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నిటినీ, నల్ల పగడాలను, నిప్పు పగడాలను, సముద్రపు విసనకర్రలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పెద్దపులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. సముద్రపు గుర్రాలు, సముద్రపు దోసకాయలు కూడా ఆ జాబితాలోనివే. సముద్రం నుంచి తీసి అమ్మడం, కొనడం నేరం. చనిపోయిన పగడపు ముక్కకూ ఇది వర్తిస్తుంది. శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు. అంగడిలో బహిరంగంగా కనిపించినంత మాత్రాన ఒక వస్తువు న్యాయసమ్మతం కాదు. చట్టంలో పేరు లేని మెత్తని జాతుల విషయంలోనైనా ఎవరు పెంచారో, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే పత్రం లేనిది ఇంటికి తేకూడదు.

"అందరూ అమ్ముతున్నారు కదా అబ్బా" అన్నాడు చిన్నవాడు. నేను సమాధానం వెతుక్కుంటుండగా మా అమ్మ తన తస్బీహ్ వైపు చూసి అడిగింది: "ఈ ఎర్ర పూసలు కూడా అలాంటివేనా?" నగల్లో వాడే ఎర్ర పగడం వేరే జాతి అనీ, మధ్యధరా సముద్రపు లోతుల నుంచి దాన్ని శతాబ్దాలుగా తీస్తున్నారనీ, అంగట్లో దొరికే వాటిలో నకిలీలే ఎక్కువనీ చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని మనవడితో అంది: "వేరేది కానీ, అదే కానీ. అది పెరగడానికి ఎన్నేళ్లు పట్టిందో, దాన్ని ఎవరు కోశారో అడిగి తెచ్చుకో బేటా. అడిగితే చెప్పలేని వాడి దగ్గర కొనకు." చిన్నవాడు ఆ ఫొటోలు తొలగించాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడవ రోజు నోటుబుక్కు తెచ్చి, పగడం లేకుండా దిబ్బను ఎలా కట్టవచ్చో గీసి చూపాడు.

మేము కట్టిన దిబ్బ

సముద్రం నుంచి తవ్విన రాళ్లకు బదులు రంధ్రాలు గల సిరామిక్ రాళ్లు పేర్చాం. సూక్ష్మజీవులకు ఆ రంధ్రాలు చాలు. గుహలు, వంతెనలు, చేపలు దాగే సందులు అమర్చాం.

చేపల ఎంపికలోనూ అదే సూత్రం పాటించాం. మంచినీటి అక్వేరియం చేపలు చాలావరకు చెరువుల్లో పెంచినవే. సముద్రపు చేపల్లో అత్యధిక భాగం నేటికీ దిబ్బల నుంచి పట్టి తెచ్చినవే. కొన్ని దేశాల్లో చేపలను మత్తెక్కించడానికి సైనైడ్ చల్లుతారు. ఆ విషం చేపనే కాక చుట్టూ ఉన్న పగడాన్నీ చంపుతుంది. అయితే క్లౌన్ చేపను ఇంట పుట్టించి పెంచడం సాధ్యమైంది. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు వాటిని హేచరీలో పుట్టించి పెంచే పద్ధతులు రూపొందించారు. లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో జాతీయ చేపల జన్యువనరుల బ్యూరో స్థానిక మహిళలకు అలంకార రొయ్యల పెంపకం నేర్పింది. సముద్రాన్ని కొల్లగొట్టకుండానే ఇంట్లో కూర్చుని ఆదాయం పొందే మార్గమది. ఇలా పెంచినవాటిని అడిగి కొంటే డబ్బు పెంచినవారికి చేరుతుంది, దిబ్బ దిబ్బలా ఉంటుంది.

400 లీటర్లకు ఆరేడు చిన్న చేపలకు మించి వద్దు. మేము హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల జంటతో మొదలుపెట్టాం. నెలకొకటి రెండు చొప్పున మాత్రమే కొత్తవి చేర్చాం. ప్రతిదాన్నీ ముందుగా వేరే చిన్న తొట్టిలో కొన్ని వారాలు ఉంచి, రోగం లేదని తేలాకనే వదిలాం. క్లౌన్ చేప మంచి సంరక్షణలో పదేళ్లకు పైగా బతుకుతుంది. అంటే నేడు ఐదో తరగతి చదివే పిల్లవాడు కాలేజీకి వెళ్లాక కూడా దానికి మేత వేసేవారు ఇంట్లో ఉండాలి. సినిమాల్లో చూసిన నీలి సర్జన్ చేపను పిల్లలు అడుగుతారు. అది అడుగు పొడవు వరకు పెరిగి, ఈదడానికి విశాలమైన చోటు కోరుతుంది. నాలుగడుగుల తొట్టి దానికి జైలు.

పిల్లలున్న ఇంట్లో

ఉప్పునీరు, కరెంటు కలిస్తే ప్రమాదం. ప్రతి వైరూ ప్లగ్గు కన్నా కిందికి వంగి మళ్లీ పైకి రావాలి. అప్పుడు వైరు వెంట జారిన చుక్క ప్లగ్గులోకి కాక నేల మీద పడుతుంది. లీకేజీ కరెంటును పసిగట్టి ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ తప్పనిసరి. తొట్టిలో చేయి పెట్టే ముందు స్విచ్ కట్టేయడం పిల్లలకు అలవాటు చేయాలి. కొన్ని మెత్తని పగడపు జాతులలో ప్రాణాంతకమైన విషం ఉంటుంది. తొట్టిలోని రాళ్లను శుభ్రం చేయడానికి వేడినీటిలో మరిగించరాదు, ఆవిరి ద్వారా ఆ విషం ఊపిరితిత్తులకు చేరిన సంఘటనలున్నాయి.

పక్షానికోసారి పదోవంతు నీరు, అంటే 40 లీటర్లు మార్చాలి. తీసిన నీటిలో కిలోన్నర వరకు ఉప్పు ఉంటుంది. దాన్ని మొక్కలకు, పెరట్లో, బావి దగ్గర పోయకూడదు. నేల చవుడు బారుతుంది. మురుగుకాలువలోకే వదలాలి. పెంచలేనినాడు చేపను చెరువులో, కాలువలో వదలడం దయ అనిపిస్తుంది కాని, మంచినీటిలో అది గంటల్లో చనిపోతుంది. పెంచగల ఇంకొక కుటుంబానికి అప్పగించాలి.

ఇప్పుడు మా ఇంట్లో ఫజ్ర్ తర్వాత మొదట వెలిగే దీపం తొట్టి పక్కనున్న చిన్న బల్బు. చిన్నవాడు ఉష్ణోగ్రత చూసి రాస్తాడు, తగ్గిన నీరు పోస్తాడు. చిటికెడు మేత వేసి, క్లౌన్ చేపలు రెండూ సందులోంచి వచ్చేవరకు నిలబడతాడు. తర్వాతే మదరసాకు బయలుదేరుతాడు. మా అమ్మ మధ్యాహ్నం తొట్టి ఎదురుగా కూర్చుని తస్బీహ్ చేసుకుంటుంది. మొదటిసారి ఎంత తొందరపడ్డానో ఆ నోటుబుక్కు మొదటి పేజీలో వాడు రాసిపెట్టాడు. చెరిపేయమని నేను అడగలేదు.

మొన్న హైదరాబాదు నుంచి వచ్చిన మా బావమరిది తొట్టిని మెచ్చుకుని, "అన్నీ బాగున్నాయి కాని, పగడాలు లేవేం?" అన్నాడు. నేను చెప్పబోయేలోగా చిన్నవాడే జవాబిచ్చాడు: "అవి లక్షద్వీప్‌లో ఉన్నాయి మామూ. అక్కడే ఉండనిద్దాం."